బత్తాయి తోటలో ఆకాశ దర్శనం: టెలిస్కోపుకు పూర్తి మార్కులు, భవిష్యత్తు మనుషులకు సగం

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్ళే దారిలో, రోడ్డు వదిలి కొంత లోపలికి వెళ్తే వచ్చే ఒక బత్తాయి తోటలో, ముగ్గురు మిత్రులు కలిసి చలికాలపు శనివారాల్లో ఆకాశ దర్శన కార్యక్రమం నడుపుతున్నారు. టికెట్టు పెద్దలకు 400 రూపాయలు, బడి పిల్లలకు 200. సాయంత్రం ఏడు గంటలకు మొదలై రాత్రి పదకొండు దాటేదాకా సాగే ఈ కార్యక్రమంలో మొదట టెలిస్కోపులతో గ్రహాలనూ నక్షత్రాలనూ చూపిస్తారు. భోజనం తరువాత తెర మీద బొమ్మలు వేస్తూ ‘ఎగిరే పళ్ళేల్లో వస్తున్నది మన మునిమనవలేనా?’ అన్న ప్రసంగం చేస్తారు. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను గనుక, పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళవచ్చా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతున్నారు. మొదటి భాగం గురించి చెప్పడానికి ఎంతో సేపు పట్టదు. రెండో భాగం గురించి మాత్రం వివరంగానే చెప్పవలసి ఉంది, ఎందుకంటే అందులో పస ఉన్న ప్రశ్న ఒకటి ఉంది, దానికి వాళ్ళిచ్చిన జవాబులో పెద్ద లోటు ఒకటి ఉంది.

టెలిస్కోపుల సంగతి ముందు చూద్దాం. ఎనిమిది అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ ఒకటి, చిన్నవి రెండు, స్టాండు మీద బిగించిన బైనాక్యులర్ ఒకటి ఉన్నాయి. గురుగ్రహం పక్కన గెలీలియో చూసిన నాలుగు చందమామలూ స్పష్టంగా వరుసలో కనిపించాయి. పిల్లలకోడిని (కృత్తికా నక్షత్రాల గుంపును) ముందు ఉత్త కంటితో, తరువాత బైనాక్యులర్‌తో చూపించి, ఎన్ని చుక్కలు పెరిగాయో పిల్లలచేతనే లెక్క పెట్టించారు. ఇది బోధన తెలిసినవారు చేసే పని. ఆకాశంలో వెలిగే వాయుమేఘమైన ఒరాయన్ నెబ్యులా దగ్గరకు వచ్చేసరికి, ఆ వెలుగు అక్కడి నుంచి బయలుదేరి సుమారు 1,340 ఏళ్ళయిందనీ, అంటే బాదామి చాళుక్యుల కాలంలో మన అలంపురం గుళ్ళు లేస్తున్న రోజుల్లో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మీ కంట్లో పడుతోందనీ చెప్పారు. పాలమూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ మాట విని మళ్ళీ వరుసలో నిలబడి ఇంకోసారి చూసింది. ఈ భాగానికి నేను వంక పెట్టను.

ప్రసంగం ఆ మాట దగ్గరే అందుకుంటుంది. ఆకాశంలోకి చూడడమంటే గతంలోకి చూడడమే కదా, మరి మన గతంలోకి మనమే రాలేమా అన్నది దాని ఎత్తుగడ. అక్కడి నుంచి ప్రసంగకర్త అమెరికాలోని మోంటానా టెక్‌లో జీవ మానవశాస్త్రం బోధించే మైకేల్ మాస్టర్స్ 2019లో విస్తారంగా ప్రతిపాదించిన వాదంలోకి వెళ్తారు. గుర్తుతెలియని ఎగిరే వస్తువుల్లో కనిపించారని చెప్పే ఆకారాలు వేరే గ్రహాలవి కావు, మన సుదూర సంతతివి. వాళ్ళు చరిత్రనూ మన శరీరాలనూ అధ్యయనం చేయడానికి కాలంలో వెనక్కి వస్తున్నారు అన్నది ఆ వాదం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో వచ్చే ఈ యువకుడు దాన్ని శ్రద్ధగా చదివి, ఒప్పించేలా చెబుతాడు. నమ్మమని ఎవరినీ బలవంతపెట్టడు, భయపెట్టే సంగీతం వేయడు. ఈ విషయం మీద ఫోన్లలో తిరిగే వీడియోలతో పోలిస్తే ఇదే పెద్ద ఊరట.

వాదంలో బలమున్న చోటు ఏదో ముందు ఒప్పుకోవాలి. వేరే నక్షత్రాల నుంచి ఎవరైనా రావాలంటే దూరమే పెద్ద అడ్డు. మనకు సూర్యుడి తరువాత అన్నిటికన్నా దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 అంత దూరం వెళ్ళాలంటే సుమారు 75 వేల ఏళ్ళు పడుతుంది. దూరం కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆకారం ప్రశ్న. ఎగిరే పళ్ళేల్లో వచ్చి మనుషులను ఎత్తుకుపోయారని చెప్పే అపహరణ కథల్లో వచ్చే జీవికి రెండు కాళ్ళు, రెండు చేతులు, ముఖంలో ముందువైపు రెండు కళ్ళు, నిటారైన నడక ఉంటాయి. మన గాలి పీలుస్తుంది, మన మాట దానికి అర్థమవుతుంది. పరిణామక్రమం ఎన్నో యాదృచ్ఛిక మలుపులు తిరిగి మనిషిని తయారు చేసిందనీ, మరో గ్రహం మీద అదే మలుపులన్నీ మళ్ళీ తిరిగి మనిషిలాంటిదే పుట్టే అవకాశం లేనంత తక్కువనీ జీవశాస్త్రజ్ఞుడు జార్జ్ గేలార్డ్ సింప్సన్ 1964లోనే వాదించారు. కాబట్టి కనిపించినది మనిషిలా ఉంటే అది మనిషే అయి ఉండాలి అని ప్రసంగకర్త ముగిస్తాడు. ఇది తెలివైన వాదం. గ్రహాంతరవాసుల కథను పట్టుకుని వేలాడేవారికి దీనికి జవాబు చెప్పడం కష్టం.

అయితే మనిషిలా ఉన్న ఆకారానికి ఇంకో మూలం కూడా ఉండవచ్చు: దాన్ని ఊహించింది మనిషే కావడం. ఈ మూడో అవకాశాన్ని ప్రసంగం ఒక్క వాక్యంలో దాటేసింది. 1961 సెప్టెంబరులో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో రాత్రిపూట కారులో వస్తున్న బెట్టీ, బార్నీ హిల్ దంపతుల కథను తెర మీద చక్కగా చూపించారు. కానీ ఆ అపహరణ వివరాల్లో చాలా భాగం 1964లో డాక్టర్ బెంజమిన్ సైమన్ దగ్గర హిప్నాసిస్‌లో బయటికి వచ్చినవనీ, ఆ డాక్టరే వాటిని జరిగిన సంఘటనగా కాక, బెట్టీకి వచ్చిన కలల నుంచి పుట్టిన కల్పనగా భావించాడనీ చెప్పలేదు. ఇంగ్లండ్‌లోని రెండిల్‌షామ్ అడవి ఉదంతంలోనూ ఇదే పని జరిగింది. 1980 డిసెంబరులో అక్కడి స్థావరంలోని అమెరికా వైమానిక దళ సిబ్బంది అడవిలో వింత వెలుగులు చూశారు. వచ్చినవారు భవిష్యత్తు మనుషులన్న మాటను వారిలో ఒకరు 1994లో హిప్నాసిస్‌లో అన్నారు. తనకందిన సందేశమంటూ నోటు పుస్తకంలో రాసుకున్నానన్న సున్నాలు, ఒకట్ల వరుసను 2010లో బయటపెట్టారు. మాట సంఘటనకు పద్నాలుగేళ్ళ తరువాతది, పుస్తకం ముప్పై ఏళ్ళ తరువాతది. ఆ అడవి నుంచి అప్పట్లో ఆర్ఫర్డ్‌నెస్ దీపస్తంభం వెలుగు కనిపించేదనీ, మొదటి రాత్రి ఒక పెద్ద ఉల్క మండుతూ రాలిందనీ పరిశోధించినవారు చూపించారు. వీటిని చెప్పాక కూడా సాక్షి మాట నమ్మదలచుకున్నవారు నమ్మవచ్చు, కానీ చెప్పకుండా నమ్మించడం టికెట్టు కొన్నవారికి న్యాయం కాదు.

అంకెల విషయంలోనూ కొంచెం ఇలాగే ఉంది. 1947 జూన్ 24న అమెరికాలోని మౌంట్ రేనియర్ అనే పర్వతం దగ్గర కెన్నెత్ ఆర్నాల్డ్ అనే విమాన చోదకుడు తొమ్మిది వస్తువులను చూసిన దగ్గర నుంచి, పత్రికలు వాటిని ఎగిరే పళ్ళేలని పిలవడం దాకా కథ బాగా నడిచింది. ఆ వెంటనే అమెరికా వైమానిక దళం తేల్చలేకపోయిన సంఘటనలు 701 అని తెర నిండా పెద్ద అక్షరాలతో వేశారు. ఆ దళమే నడిపిన, 1969లో ముగిసిన బ్లూ బుక్ ప్రాజెక్టు మొత్తం పరిశీలించినవి 12,618 అన్న అంకె మాత్రం మూలన చిన్న అక్షరాలతో ఉంది. వెనుక వరుసలో కూర్చున్నవారికి అది కనిపించి ఉండదు. 2021 జూన్‌లో అమెరికా నిఘా విభాగం ఇచ్చిన నివేదికలో 144 ఘటనలకు ఒక్కటే తేలిందన్నది నిజమే. ఆ ఒక్కటీ గాలి తీసిపోతున్న బెలూను. మిగిలినవి తేలకపోవడానికి ముఖ్య కారణం తగినంత సమాచారం లేకపోవడమని ఆ నివేదిక చెప్పింది, 2023 సెప్టెంబరులో నాసా నియమించిన నిపుణుల బృందమూ సమాచారం నాణ్యత గురించే ఎక్కువగా మాట్లాడింది. తేలలేదు అన్న మాటను భవిష్యత్తు నుంచి వచ్చింది అన్న మాటగా మార్చాలంటే మధ్యలో చాలా మెట్లు ఎక్కాలి.

ఇక భౌతికశాస్త్రం. ఇక్కడే నేను ఎక్కువ ఆశించాను, ఇక్కడే ఎక్కువ నిరాశ పడ్డాను. కాలంలో ముందుకు పోవడం గురించి అతను చెప్పినదంతా సరైనదే. 1971లో హాఫెల్, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చాలా కచ్చితమైన సీజియం అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పి తెచ్చి, నేల మీది గడియారాలతో పోల్చారు. ఐన్‌స్టైన్ సిద్ధాంతం చెప్పినంత తేడా, అంటే కొన్ని పదుల నుంచి కొన్ని వందల నానోసెకన్లు, కనిపించింది. మన ఫోన్లకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి గనుక, ఆ తేడాను సరిచేసి వాడుకుంటాం. మన పురాణాల్లోనూ ఇటువంటి ప్రయాణమే ఉంది: కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్ళిన కకుద్మి మహారాజు, అక్కడ గంధర్వుల పాట అయ్యేదాకా ఆగి అడిగేసరికి, భూమి మీద 27 మహాయుగాలు గడిచిపోయాయి. ఆ కథను అతను కాలయానానికి సాక్ష్యంగా కాక పోలికగా మాత్రమే వాడడం నాకు నచ్చింది. కానీ కకుద్మి ముందుకే వెళ్ళాడు, వెనక్కి రాలేదు. ఈ వాదానికి కావలసినది వెనక్కి రావడం.

వెనక్కి రావడానికి సమీకరణాల్లో దారి లేకపోలేదు. 1949లో కర్ట్ గోడెల్ తిరుగుతున్న విశ్వం ఒకదాన్ని ఊహించి, అందులో తన గతాన్నే చేరుకునే మార్గాలుంటాయని చూపించాడు. మన విశ్వం అలా తిరుగుతున్న జాడ లేదు. 1988లో కిప్ థోర్న్, ఆయన సహచరులు వార్మ్‌హోల్ అనే, స్థలకాలంలో రెండు చోట్లను కలిపే సొరంగపు రెండు మూతుల్లో ఒకదాన్ని మహావేగంగా తిప్పి తెస్తే అది కాలయంత్రం అవుతుందని లెక్కగట్టారు. దాన్ని తెరిచి ఉంచడానికి రుణశక్తి (నెగటివ్ ఎనర్జీ) గల పదార్థం కావాలి, అది అంత మోతాదులో ఎవరి దగ్గరా లేదు. ఇంతవరకు ప్రసంగంలో ఉంది. లేనిది దీని తరువాతి మెట్టు. ఇటువంటి యంత్రంతో ఎంత వెనక్కి వెళ్ళినా, ఆ యంత్రం ఏర్పడిన క్షణం దాకానే వెళ్ళగలం, దానికి ముందుకాలంలోకి వెళ్ళలేం. క్రీస్తుశకం 5000లో ఎవరో దాన్ని నిర్మిస్తే, 6000 నుంచి 5000కు రావచ్చు గాని, 1947లో మౌంట్ రేనియర్ దగ్గరకు రావడం కుదరదు. ఇది నేను తెచ్చిపెట్టుకున్న అభ్యంతరం కాదు, ఆ పద్ధతి అమరికలోనే ఉన్న హద్దు.

ప్రశ్నల సమయంలో ఈ మాట అడిగితే, అంతకు ముందే ఎవరో నిర్మించిన పాత వార్మ్‌హోల్ మనకు దగ్గరలో ఉండి ఉండవచ్చు కదా సార్ అన్నాడు. ఉండవచ్చు. కానీ 1947కు ముందే దాన్ని నిర్మించిన ఆ ఎవరో మనుషులు కారు కదా. గ్రహాంతరవాసులు అక్కరలేదని మొదలుపెట్టిన వాదం ఇలా చుట్టూ తిరిగి వాళ్ళ గుమ్మం ముందుకే వచ్చి నిలబడుతుంది. అతను నవ్వి, ఆలోచించవలసిన మాటే అన్నాడు. ఒప్పుకోవడానికి వెనుకాడకపోవడం ఆ యువకుడి మీద నాకు గౌరవం పెంచింది, అయితే అది అడిగినవారికి దొరకవలసిన సమాధానం కాదు, ప్రసంగంలోనే ఉండవలసిన విషయం.

ఆ రాత్రి ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకరు అడిగిన ప్రశ్న కూడా మంచిదే. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది, సూర్యుడు పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నాడు. కాలంలో మాత్రమే వెనక్కి వస్తే భూమి అక్కడ ఉండదు కదా అని ఆమె అడిగింది. దీన్ని చాలామంది తిరుగులేని అభ్యంతరమనుకుంటారు గాని, కాదు. విశ్వంలో కదలని చోటు అంటూ ఏదీ లేదు గనుక, యంత్రం దేన్ని ఆధారంగా పట్టుకుని ప్రయాణిస్తుందో చెప్పనిదే ఈ లెక్క కుదరదు. అతను ఇచ్చిన జవాబు సరిగ్గా ఇదే. అయినా దూరం సమస్య పూర్తిగా తీరినట్టు చెప్పడం మాత్రం తొందరపాటు. నక్షత్రాల మధ్య ప్రయాణం తప్పించుకుని, అంతకన్నా కష్టమైన పనిని నెత్తికెత్తుకున్నట్టయింది.

తెల్ల ప్లాస్టర్‌తో పోతపోసిన పుర్రెల నమూనాలు ఈ ప్రసంగంలో అందరినీ ఆకట్టుకున్న సామగ్రి. మనిషికి ముందటి జాతులైన ఆస్ట్రలోపితికస్, హోమో ఎరెక్టస్, తరువాత మనిషి, చివరన ఊహించి చేసిన భవిష్యత్తు మనిషి వరుసగా పెట్టి, చేతికిచ్చి చూడనిస్తారు. మెదడు పరిమాణం 450 ఘన సెంటీమీటర్ల దగ్గర నుంచి 1,350 దాకా పెరిగింది, ముఖం చిన్నదైంది, ఇదే దారిలో పోతే రేపటి మనిషి అపహరణ కథల్లోని జీవిలా ఉంటాడు అన్నది మాట. పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది, అందుకే జాగ్రత్త పడాలి. పరిణామానికి ముందే గీసిన గీత ఉండదు. నియాండర్తల్ అనే అంతరించిన మానవజాతి మెదడు మన మెదడంతే, కొందరిలో అంతకన్నా పెద్దది, వాళ్ళు మిగలలేదు. ఆ పుర్రె ఈ వరుసలో లేకపోవడం నాకు లోపంగానే కనిపించింది. కకుద్మి కథను విష్ణుపురాణం చెప్పిన తీరులో, తిరిగి వచ్చేసరికి మనుషులు పొట్టివాళ్ళై, బలమూ బుద్ధీ కూడా తగ్గి ఉన్నారు. బలరాముడు రేవతిని నాగలితో తన ఎత్తుకు తగ్గించుకోవలసి వచ్చింది. కథకుడికి ఒక దిక్కు తోచింది, మానవశాస్త్రజ్ఞుడికి దానికి ఎదురు దిక్కు తోచింది. ప్రకృతి ఇద్దరినీ అడగదు.

ఊరి సంగతి ఒక్కటైనా లేకపోవడం ఇంకో కొరత. ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన లేచి, “వికారాబాద్ దిక్కు పొలాలల్ల అంతరిక్షం నుంచి ఏదో దిగిందని అప్పుడు గూడ గిట్లనే అన్నరు గదా సారూ” అన్నారు. ఆయన అన్నది 2022 డిసెంబరు మాట. మర్పల్లి మండలంలో గుండ్రటి పెద్ద వస్తువు ఒకటి పొలంలో దిగితే జనం గుమికూడారు, ఫోన్లలో రకరకాల కథలు తిరిగాయి. తీరా అది అంతరిక్ష పర్యాటకం కోసం ఒక స్పెయిన్ సంస్థ పరీక్షగా పంపిన, మనుషులెవరూ లేని బెలూను క్యాప్సూల్. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే బెలూను కేంద్రం నుంచి పరిశోధన బెలూన్లు దశాబ్దాలుగా ఎగురుతున్నాయి. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, పరికరాలను పారాచూట్లతో కిందికి దించుతాయి. సాయంత్రం నేల మీద చీకటి పడ్డాక కూడా అంత ఎత్తున ఎండ తగులుతుంది గనుక అటువంటి బెలూను కదలని దీపంలా మెరుస్తుంది. దక్షిణ తెలంగాణలో ఆకాశం చూడబోయేవాడికి మొదట చెప్పవలసినది ఇది. 2019 నుంచి వరుస కట్టి పోతున్న స్టార్‌లింక్ ఉపగ్రహాల సంగతి ఒక నిమిషం చెప్పారు, బెలూన్ల సంగతి పెద్దాయన లేవకపోతే వచ్చేదే కాదు.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం నల్లగొండకు ఎంతో దూరం లేదు. గర్భగుడిలో లింగం వెనుక రోజంతా కదలకుండా నిలబడే స్తంభపు నీడ తరతరాలుగా వింతే. ఎదురుగా స్తంభమేదీ లేకుండా నీడ ఎక్కడిదన్న ప్రశ్నకు, మండపంలోకి పలు వైపుల నుంచి చొచ్చుకొచ్చే పగటి వెలుగు, స్తంభాల అమరిక కలిసి ఆ నీడను తయారు చేస్తున్నాయని భౌతికశాస్త్రం చదివినవారు నమూనా కట్టి చూపించారు. వింత తగ్గలేదు, కట్టినవారి మీద గౌరవం పెరిగింది. ప్రసంగంలో ఈ ఉదాహరణ చేరిస్తే, తేలని విషయాన్ని ఎలా తేల్చాలో మన పిల్లలకు వాళ్ళ ఊరి గుడితోనే చెప్పినట్టు అవుతుంది. ఈ మాట నిర్వాహకులకు చెప్పాను, రాసుకున్నారు.

పరీక్షించి చూసిన ప్రయత్నాలను మాత్రం బాగా చెప్పారు. 2009 జూన్ 28న స్టీఫెన్ హాకింగ్ కేంబ్రిడ్జ్‌లో కాలయాత్రికులకు విందు ఏర్పాటు చేసి, ఆహ్వానాన్ని విందు ముగిసిన తరువాతే ప్రకటించాడు, ఎవరూ రాలేదు. అమెరికాలోని మిచిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నెమిరాఫ్, టెరీసా విల్సన్ 2013లో ఇంకో దారి పట్టారు: 2012 సెప్టెంబరులో కనుగొన్న ఐసాన్ తోకచుక్క పేరునూ, 2013 మార్చిలో ఎన్నికైన పోప్ ఫ్రాన్సిస్ పేరునూ అంతకు ముందే ఎవరైనా ఇంటర్నెట్‌లో రాశారేమోనని వెతికారు. నమ్మదగిన ఆనవాలు ఒక్కటీ దొరకలేదు. దీనితో కాలయాత్రికులు లేరని రుజువు కాలేదు, వెతకడం ఎలాగో తెలిసింది. ఈ పది నిమిషాలు వినడానికైనా ఇంటర్మీడియట్ పిల్లలు రావచ్చు.

మిగతా ఏర్పాట్లు: జొన్నరొట్టె, పప్పు, పల్లీల చట్నీతో భోజనం బాగుంది, రెండోసారి అడిగితే పెట్టారు. మరుగుదొడ్డి ఒక్కటే ఉంది, ఆడవాళ్ళు చాలాసేపు ఆగవలసి వచ్చింది. తెర ముందు ప్లాస్టిక్ కుర్చీలు సరిపోక కొందరు చాపల మీద కూర్చున్నారు. మైకు అక్కరలేనంత చిన్న సమూహానికి మైకు పెట్టి చెవులు అదరగొట్టారు. తిరుగు ప్రయాణానికి ఆ వేళప్పుడు బస్సులు ఉండవు, సొంత వాహనం తప్పనిసరి.

వెళ్ళదలచినవారు అమావాస్యకు దగ్గరి శనివారం ఎంచుకోవాలి. వెన్నెల ఉంటే నెబ్యులా వెలవెలబోతుంది, 400 రూపాయల్లో సగం అక్కడే పోతుంది. పదేళ్ళలోపు పిల్లలు టెలిస్కోపుల తరువాత నిద్రకు ఆగరు, హిప్నాసిస్ అపహరణల కథలు వాళ్ళకు అవసరమూ కాదు. కళాశాల పిల్లలను తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు యంత్రం ఏర్పడిన క్షణం గురించిన ప్రశ్నను, బ్లూ బుక్ మొత్తం అంకెను ముందే పిల్లలకు చెప్పి పంపితే ప్రసంగం రెట్టింపు ఉపయోగపడుతుంది. ఆకాశ దర్శనానికి, ప్రసంగానికి వేరువేరు టికెట్లు పెట్టమని అడిగాను. వచ్చే చలికాలం నుంచి అలాగే చేస్తామనీ, పుర్రెల వరుసలో నియాండర్తల్‌ను కూడా చేరుస్తామనీ చెప్పారు.